ఖాళీ కాగితం మీద పేరు

శ్రవణ్ కుమార్ సంతకం చేసిన కాగితాన్ని హైదరాబాద్ కంపెనీకి పంపించిన చోట కిందటివారం మనం ఆగాం. ఆ కాగితంలో అతను ఒప్పుకున్నవి రెండు మాటలు. కొత్త ప్రోగ్రామును తానొక్కడే రాశాడు. పాత ప్రోగ్రాము కోడ్‌ను, అంటే దాని లోపలి రాతను, చూడకుండా రాశాడు.

పాత ప్రోగ్రాము పేరు దస్తూరి. నాగర్‌కర్నూలు మనిషి నిరంజన్ దాన్ని పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసి, ఎవరైనా తీసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టాడు. మామూలుగా టైపు చేసుకుంటూ పోయి మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే ఆ మాట లావు అక్షరాల్లో వస్తుంది. శీర్షికకు ఒక గుర్తు, పల్లవికి ఒకటి, చరణానికి ఒకటి. ఏ గుర్తు పెడితే ఏం రావాలో నిరంజన్ రూల్స్‌గా విడిగా రాసిపెట్టాడు. దస్తూరి ఆ గుర్తులన్నీ చదువుకొని పుస్తకం పేజీలు తయారుచేసి ఇస్తుంది. గద్వాల నుంచి అచ్చంపేట దాకా చిన్న ప్రెస్సుల్లో భజన పుస్తకాలు, స్తోత్రాలు, బడి ప్రశ్నపత్రాలు ఏళ్ల తరబడి దానితోనే అచ్చయ్యాయి. నిరంజన్ ఉన్నట్టుండి కాలం చేశాడు. ఆ తర్వాత దాన్ని సరిగా బాగుచేసేవాళ్లు లేక, కొత్త కంప్యూటర్లలో అది మొరాయించడం మొదలుపెట్టింది.

శ్రవణ్ రెండేళ్లు ఇంట్లో కూర్చొని అదే పనిచేసే ప్రోగ్రామును రస్ట్ అనే మరో భాషలో మొదటి నుంచి రాశాడు. దానికి కొత్త దస్తూరి అని పేరు పెట్టాడు. కంపెనీ దాన్ని తన సొంత సరుకుగా అమ్ముకుంటుంది. బదులుగా వనపర్తిలో ఆఫీసు తెరిచి శ్రవణ్‌ను దానికి పెద్దగా పెడతామంది. చదువుకొని కూడా గద్వాలలో ఖాళీగా కూర్చున్నాడని వీధి వీధినా అనిపించుకున్నవాడికి అది చిన్న సంగతి కాదు. నోటిమాటగా చివరి ఒప్పుదల తీసుకోవడానికి కంపెనీ నుంచి ఆ శనివారం ఫోన్ రావాలి.

ఫోన్ కంటే ముందు శ్రీవాణి వచ్చింది.

ఆమె నిరంజన్ చెల్లెలు. నాగర్‌కర్నూలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. అన్న పోయాక పాత దస్తూరి గురించి ఎవరేం అడిగినా చేతనైనంత వరకు జవాబిచ్చేది ఆమే. శ్రవణ్‌కు ఆమె ఫోన్‌లో తెలుసు. ఇంటికి రావడం ఇదే మొదలు.

ముందుగదిలో గుంట మగ్గం మీద శ్రవణ్ తండ్రి బాలకిష్టయ్య చీర నేస్తున్నాడు. శ్రవణ్ భార్య నవనీత పక్కన కూర్చొని నూలు కండెలు చుడుతోంది. తల్లి రామేశ్వరమ్మ కోటలోని చెన్నకేశవస్వామి గుడి నుంచి అప్పుడే వచ్చింది. ఎవరు, ఎందుకు వచ్చారని అడగకముందే ఆమె శ్రీవాణి చేతిలో ప్రసాదం పెట్టింది.

"మొదలు తిను బిడ్డా. తిన్నంక ఏదన్నా మాట్లాడు."

శ్రీవాణి కళ్లకద్దుకొని తిన్నది. లోపలి గదిలో కంప్యూటర్ ముందున్న శ్రవణ్ లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"తమ్మీ, నేను కొట్లాటకు రాలే. ఒక్కటి అడుగుదామని వచ్చిన."

"అడుగక్కా."

"పేజీ అడుగున చిన్నక్షరాల వివరాలు ఇస్తం గదా. అధ్యాయం మారితే వాటి నంబరు మళ్ల ఒకటి నుంచి రావాలె. దస్తూరి రూల్స్‌ల గట్లనే ఉన్నది. అవునా?"

"అవును."

"కానీ మా అన్న ప్రోగ్రాం గట్ల చెయ్యదు. ఒక అధ్యాయంల వివరాలే లేకపోతే, దాని తర్వాతి అధ్యాయంల రెండు నుంచి మొదలుపెడ్తది. అది మా అన్న తప్పు, ఒప్పుకుంట. నువ్వు ప్రెస్సోళ్లకు పరీక్ష కోసం ఇచ్చిన కాపీ నేను నడిపి చూసిన. నీది గూడ రెండు నుంచే మొదలుపెడుతున్నది. ఎందుకు?"

శ్రవణ్ ఏదో అనబోయాడు. ఆమె ఆపింది.

"పరీక్షల ఇద్దరు పిల్లలు సరైన జవాబు రాస్తే మేము ఏం అడగం తమ్మీ. ఇద్దరు ఒకటే తప్పు రాస్తే పిలిచి అడుగుతం."

ఆమె ఎందుకు అడుగుతోందో శ్రవణ్‌కు తెలుసు. నిరంజన్ దస్తూరిని ఊరికే ఇచ్చాడు గానీ రెండు షరతులు పెట్టాడు. దాని కోడ్ తీసుకొని ఎవరు ఏది చేసినా అందులో అతని పేరు ఉండాలి. ఆ చేసింది కూడా దస్తూరి లాగే అందరికీ తెరిచి ఉండాలి. కోడ్ చూడకుండా, రూల్స్ మాత్రం చదువుకొని ఎవరైనా సొంతంగా రాసుకుంటే ఆ షరతులు వర్తించవు. కంపెనీకి కావలసింది అట్లాంటి ప్రోగ్రామే. చూసి రాసినదని తేలితే దాన్ని మూసిపెట్టి అమ్ముకోవడం కుదరదు. అప్పుడు వనపర్తిలో ఆఫీసూ ఉండదు.

శ్రవణ్ నవ్వాడు. భయపడినవాడి నవ్వులా లేదు అది.

"అక్కా, గా తప్పు నేను తెల్సే పెట్టిన. మొదలు ఒకటి నుంచే వచ్చేటట్టు రాసిన. అచ్చంపేట గోపన్న ప్రెస్సుల స్తోత్రాల పుస్తకం నడిపితే ఆయన ఫోన్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టిండు. వాళ్లు పదేండ్ల సంది లోపల 'రెండో వివరం చూడుము' అని రాసుకున్నరు. ఇప్పుడు అది ఒకటైతే పుస్తకం మొత్తం తప్పైతది."

అతను ఆమెకు తెర మీద చూపించాడు. ప్రెస్సుల నుంచి అడిగి తెచ్చుకున్న పుస్తకాలన్నీ ఒక వరుసలో ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని పాత దస్తూరిలో నడిపి, ఏం వచ్చిందో దాచుకున్నాడు. కొత్తదానిలో కూడా అక్షరం తేడా లేకుండా అదే వచ్చేదాకా దిద్దుతూ పోయాడు. పాతది లోపల ఎట్లా ఆలోచిస్తుందో అతనికి అక్కర్లేదు. ఏమిస్తే ఏం వస్తుందో తెలిస్తే చాలు.

"తప్పును గూడ ఏరి కోరి తెచ్చుకునుడు ఏం సదువురా?" అంది గుమ్మంలో నిలబడిన రామేశ్వరమ్మ.

మగ్గం దగ్గర నుంచి బాలకిష్టయ్య అందుకున్నాడు. "నీకేం ఎరుకే? గోపాల్‌పేట ఆమె వాళ్ల అమ్మ చీర తెచ్చి గిట్లనే నెయ్యమన్నది. గా అంచుల నెమలికి ఒక్కటే కాలు. పాపం కుంటిది గదా అని నేను రెండో కాలు పెట్టిన. ఇది మా అమ్మ చీర కాదని ఆమె నా మొకం మీద ఇసిరికొట్టిపాయె."

శ్రీవాణికి నవ్వొచ్చింది. నవనీత కూడా కండె ఆపి నవ్వింది.

మరి ఇది ఏమవుతుంది? భజనలో పక్కన కూర్చొని విన్న పాటను పదిసార్లు అనుకొని నేర్చుకున్నవాణ్ని మనం దొంగ అనం. పాడిన మనిషి ఒకచోట అపశ్రుతి పోతే వాడూ అక్కడే పోతాడు. వాడు విన్నది అదే. శ్రీవాణి చాలాసేపు ఆ వరుసను కిందికీ పైకీ జరిపి చూసింది. న్యాయంగా చూస్తే తప్పుపట్టడానికి ఏమీ లేదని ఆమెకే అనిపించింది.

"సరే తమ్మీ. నిన్ను అనుమానపడ్డ. ఏమనుకోకు."

"అయ్యో, ఏమనుకుంటనక్కా. నవనీతా, అక్కకు చాయ్."

నవనీత లేచి వంటగదిలోకి వెళ్లింది. శ్రీవాణి అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"ఇంకొక్కటి చూస్త. చూసి పోత."

ఆమె కొత్త ఫైలు ఒకటి తెరిచింది. అందులో ఏమీ టైపు చేయలేదు. అట్లాగే ఖాళీగా దాచి, శ్రవణ్ ప్రోగ్రాముకు ఇచ్చింది.

"ఏం లేనిది ఇస్తే అది ఏమిస్తదక్కా? తెల్ల కాగితం ఇస్తది," అన్నాడు శ్రవణ్.

తెర మీద తెల్ల కాగితమే వచ్చింది. కానీ దాని నడిమధ్యన చిన్నక్షరాల్లో ఒక పేరుంది.

జానకమ్మ.

శ్రవణ్ ముందుకు వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు.

"జానకమ్మ ఎవరు?" అని రామేశ్వరమ్మ అడిగింది.

"మా అమ్మ," అంది శ్రీవాణి. ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "అన్న పెద్ద సదువులు సదివేటప్పుడు అమ్మ పోయింది. దస్తూరి రాసినప్పుడు, మనిషి ఏమీ రాయకుండ ఇస్తే అమ్మ పేరు రావాలె అని పెట్టిండు. ఎవ్వరికీ చెప్పలే. రూల్స్‌ల రాయలే. నేను గూడ అన్న పోయినంక కోడ్ సదువుతుంటే చూసిన." ఆమె శ్రవణ్ వైపు తిరిగింది. "ఖాళీ కాగితం ఏ ప్రెస్సోడన్నా అచ్చేస్తడా తమ్మీ? నువ్వు దాచుకున్న పుస్తకాలల్ల ఎక్కడ దొరికింది నీకు మా అమ్మ?"

"నేను రాయలేదక్కా."

"మరి?"

"నిజంగ నేను రాయలే. దేవుని తోడు."

రామేశ్వరమ్మ ముఖం మారింది. ఆ ఇంట్లో దేవుని తోడు అనే మాట ఊరికే అనరు.

శ్రవణ్ తన కోడ్ తెరిచి ఆ పేరు కోసం వెతికాడు. దొరికింది. ప్రోగ్రాము అన్నిటికంటే ముందు చేసే పని, ఫైలు తెరిచి చదివే భాగం, అక్కడ ఉంది. పక్కనే ఆ వరుసలు ఎప్పుడు రాసినవో కూడా ఉంది. పోయిన వానాకాలం. ఆ నెల అతను డెంగీ జ్వరంతో కర్నూలు దవాఖానలో ఉన్నాడు.

అతను నెమ్మదిగా తల తిప్పాడు. నవనీత చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనే పెట్టిన," అంది ఆమె.

దాచుకున్న విషయం బయటపడిన మనిషి గొంతు కాదు అది. అన్నంలో ఉప్పు ఎవరు వేశారంటే నేనే అన్నట్టుంది. ఆమె గ్లాసు తెచ్చి శ్రీవాణికి ఇచ్చింది.

నవనీత వనపర్తిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. భర్త దవాఖానలో ఉన్నప్పుడు ఆమె ఆ పనిలో చెయ్యి వేసిందని శ్రవణ్‌కు తెలుసు. తెలిసే కాగితంలో తానొక్కడే అని రాశాడు. అది అబద్ధమని అతనికి తోచలేదు. ఆమె కూడా తనలాగే రూల్స్ చదువుకొని రాసి ఉంటుందనుకున్నాడు. పనిచేస్తున్న ముక్కను తెరిచి చూడాలని ఎవరికి అనిపిస్తుంది?

"నువ్వు పాత కోడ్ చూసినవా?" అని అడిగాడు.

"చూసిన. నువ్వు జ్వరంల పండుకొని దసరా లోపల ఇస్తనన్న, ఇస్తనన్న అని ఒక్కటే కలవరిస్తుంటివి. రూల్స్ సదివితే సగం సమజ్ కాలే. పాతది అందరికి తెరిచే ఉన్నది గదా. తెరిచి పక్కకు పెట్టుకొని, ఒక్కొక్క వరుస సూసుకుంట రాసిన."

"చూడొద్దు నవనీతా!"

"చూడొద్దని నాకెవరు చెప్పిండ్రు? నువ్వు చెప్పినవా?"

శ్రవణ్ చెప్పలేదు. చెప్పాల్సినంత పని ఆమె చేస్తుందని అనుకోలేదు.

శ్రీవాణి చాయ్ గ్లాసు పట్టుకొని నవనీత వైపు తిరిగింది. "మరి ఆ పేరు ఎందుకు ఉంచినవ్ చెల్లే? దాంతోటి ఏం పని లేదు గదా."

"లేదని తెల్సక్కా. ఎవరో తల్లి పేరో బిడ్డ పేరో పెట్టుకున్నడు అనుకున్న. తీసేయనీకి చెయ్యి రాలే." నవనీత అంది, "పుణ్యానికి ఇచ్చినోని వస్తువు మనం తీస్కపోతున్నం. ఆయన తల్లిని బయట ఇడ్సిపెట్టి ఎట్ల తీస్కపోత?"

శ్రీవాణి కళ్లు దించుకుంది. ఆమె ఆ ఇంటికి వచ్చింది ఒక నేరం పట్టుకోవడానికి. పట్టుకుంది కూడా. కానీ ఆ నేరంలోనే తన తల్లి భద్రంగా కూర్చొని ఉంది. అట్లాంటిదాన్ని తప్పు అనాలో దయ అనాలో ఎవరు తేల్చగలరు? ఆమె కూడా వెంటనే తేల్చుకోలేకపోయింది.

రామేశ్వరమ్మకు ఇదంతా అర్థం కాలేదు. "గింత పరేషాన్ ఎందుకు? ఇంటి మనిషే గదా రాసింది. మీ మామ కాలు ఇరిగి పండుకుంటే మగ్గం గుంటల నేను కూసొని మూడు చీరలు దించిన. నేత సంఘంల ఎవడన్నా ఇవి రామేశ్వరమ్మ చీరలు అన్నడా? బాలకిష్టయ్య చీరలే అన్నరు. మగ్గం మీద ఎవరు కూసుంటే ఏంది, చీర ఇంటిదాయె."

మగ్గం నేసే ఇళ్లల్లో అదే పద్ధతి. సగంలో ఉన్న చీరను ఆపి పెట్టరు. మగవాడు మంచం పడితే ఆడది, అన్న ఊరికి పోతే తమ్ముడు, ఎవరో ఒకరు గుంటలో దిగి, అడ్డపోగు నడిపే నాడె అందుకుంటారు. ఏ జానెడు ఎవరి చెయ్యో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు. నవనీత చేసింది కూడా అదే. కంప్యూటర్ ముందున్న కుర్చీ ఖాళీగా ఉంటే, మగ్గం గుంటలో దిగినట్టు వెళ్లి కూర్చుంది. అందులో అడగాల్సిన సంగతి ఒకటుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

"అవ్వా, మీ చీర సంగతి వేరు," అని శ్రీవాణి మెల్లగా అంది. "మీ ఆయన భజన చేస్తడా?"

"ప్రతి ఏకాదశికి."

"పాట కట్టినోని పేరు చివరి చరణంల వస్తది గదా. అది తీసేసి పాడుతరా?"

"అమ్మో, పాపం తగుల్తది!"

"నేను అడుగుతున్నది గదే. తమ్మీ, నాకు నీ మీద గానీ చెల్లె మీద గానీ కోపం లేదు. అన్న పేరు ఉండనీ. అందరికి తెరిచి ఉండనీ. గా కంపెనీకి గీ మాట చెప్పు, చాలు."

"చెప్తే వాళ్లు తీసుకోరక్కా," అన్నాడు శ్రవణ్. "జర టైం ఇయ్యి. నవనీత రాసిన ముక్క తీసేసి నేను మళ్ల రాస్త."

"ఒక్క ముక్క కాదు," అంది నవనీత. "ఫైలు చదివేది నేనే రాసిన. పల్లవి, చరణం భాగం గూడ నేనే. దవాఖాన నుంచి వచ్చినంక నువ్వు రాసిందంత వాటి మీదనే కట్టుకుంట పోయినవ్."

శ్రవణ్ కుర్చీ వెనక పట్టుకొని నిలబడ్డాడు. అడుగు వరుస ఊడదీస్తే పైన ఏం మిగులుతుందో అతనికి లెక్క వేయాల్సిన పని లేదు.

అప్పుడు ఫోన్ మోగింది.

దాని తెర మీద శివశంకర్ అనే పేరు చూసి రామేశ్వరమ్మ ముఖం విప్పారింది. కంపెనీ మేనేజరు అతనేనని ఆమెకు తెలుసు. కొడుకుకు పెద్ద ఉద్యోగం ఇస్తున్న మాట తన చెవులతో వినాలని ఆమె పొద్దుటి నుంచి పోరుతోంది. శ్రవణ్ ఫోన్ ఎత్తగానే ఆమే చెయ్యి చాపి స్పీకర్ నొక్కింది.

"శ్రవణ్, పేపర్ అందింది. అంతా బాగుంది. మా లాయర్లు ఒకసారి నోటితో కూడా అడగమన్నారు. రెండే ప్రశ్నలు. ఇది రికార్డు అవుతుంది, పర్వాలేదు కదా?"

"పర్వాలేదు సార్."

"ప్రోగ్రాం మొత్తం మీరొక్కరే రాశారు. ఇంకెవరి చెయ్యీ పడలేదు. అంతేనా?"

ముందుగదిలో మగ్గం చప్పుడు ఆగింది. బాలకిష్టయ్య నాడె ఒళ్లో పెట్టుకొని ఇటే చూస్తున్నాడు. జవాబు చెప్పాల్సింది తాను కాదన్నట్టు శ్రీవాణి చేతిలో గ్లాసును కింద పెట్టింది. శ్రవణ్ తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు. నవనీత వైపు మాత్రం చూడలేదు.

"అవును సార్. నేనొక్కన్నే."

"గుడ్. ఇక రెండోది. నిరంజన్ గారి పాత కోడ్‌ను..."

"నువ్వొక్కనివే రాస్తే," అంది నవనీత. ఆమె గొంతు పెంచలేదు. భర్తతో మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడింది. "నువ్వు దవాఖానల ఉన్న నెల ఆ కుర్చీల కూసున్నది ఎవరు?"

"హలో? ఎవరండీ మాట్లాడుతున్నది?" అని శివశంకర్ అడిగాడు.

శ్రవణ్ ఫోన్ ఆపేయబోయాడు. అప్పటికే అది నవనీత చేతిలో ఉంది.